ఖాళీలు నింపే మనిషి

కూతురి ఎంట్రన్స్ పరీక్షలో మోసం చేయించాలని బుల్లిరాజు తీర్మానించుకున్నాడు. నిజాయితీగా చేసే బేరం గిట్టుబాటు కాకపోతే వ్యాపారి ఏం చేస్తాడు? దారి మారుస్తాడు.

అరబ్బు దేశంలో, సబా అల్ సలేం అనే పేటలో అతనికో బకాలా ఉంది. ఉప్పు నుంచి ఫోను కార్డుల దాకా దొరికే చిన్న కొట్టు. రాజోలు నుంచి వచ్చి దాన్ని ఒక్క సూత్రం మీద నిలబెట్టాడు. కొట్లో ఏ అరా ఖాళీగా కనబడకూడదు. పెరుగు అయిపోతే మజ్జిగైనా అంటగట్టాలి గానీ, లేదన్న మాట నోట రాకూడదు.

ఆ సూత్రాన్నే కూతురు సత్యదుర్గ చదువుకీ తగిలించాడు. ఆ పిల్ల రాయబోయే యూనివర్సిటీ పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులిస్తారు. సరైనదాని పక్కనున్న గుండ్రాన్ని పెన్నుతో దిద్దితే మూడు మార్కులు. తప్పుది దిద్దితే వచ్చినవాటిలోంచి రెండు కోస్తారు. వదిలేస్తే రావు, పోవు.

"పోతే రెండు, వస్తే మూడు. రెండుకి కొని మూడుకి అమ్మడవే కదే. ఒక్కటీ ఒదలకు," అన్నాడు బుల్లిరాజు.

"నాలుగింట్లో ఒకటే కదా నాన్నా సరైంది. తెలీనివి గుడ్డిగా దిద్దితే తగిలేవాటికన్నా తప్పేవే ఎక్కువ."

"నువ్వు లెక్కలు చదివేవు. నేను లెక్కల మీద బతికేను."

వారం వారం ట్యూషన్లో రాసే నమూనా పరీక్ష కాగితాన్ని తనే తిరగేసేవాడు. ఎక్కడైనా ఖాళీ కనబడిందా, ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. పాపం, పిల్ల అన్నీ దిద్దేది. మార్కులు ఎండలో పెట్టిన ఐసుగడ్డలా కరిగిపోయేవి. కిందటేడు సీటు తప్పింది. ఈసారీ తప్పితే చదువు ఖలాస్, కొట్లో గల్లా దగ్గర కూర్చోవడమేనని బుల్లిరాజు ముందే చెప్పేశాడు.

అలాంటి సమయంలో, పరీక్షల్లో గట్టెక్కించే మనిషని ఎవరో చెప్పారంటూ చంద్రావతి మొగుడి చెవిన రమేష్‌బాబు పేరు వేసింది.

శుక్రవారం నమాజు వేళ, సగం దించిన షట్టరు కిందనుంచి వంగి లోపలికొచ్చాడు రమేష్‌బాబు. కొట్లో ఉన్నంతసేపూ నల్లకళ్ళజోడు తీయలేదు. దొంగంటే ఇలా ఉండాలి అనుకున్నాడు బుల్లిరాజు.

"మీ అమ్మాయిని తెలిసినవి మాత్రం దిద్దమనండి. తెలియనివి ముట్టుకోవద్దు. షీట్లు స్కాన్ చేసే గదిలో మావాడున్నాడు. ఖాళీలన్నీ వాడు నింపుతాడు," అన్నాడు రమేష్‌బాబు.

"అన్నీనా అండీ?"

"అన్నీ. కానీ ఊహించి ఒక్కటి దిద్దినా మావాడేం చేయలేడు. పెన్నుతో దిద్దింది చెరగదు కదా."

"ఆయ్, అదీ నిజవే. మరి మీకేటి ముట్టజెప్పాలి?"

"మీ చేతికున్న ఆ బంగారు కడియం. అదీ ఫలితం వచ్చాకే."

ముందస్తు అడగని దొంగను బుల్లిరాజు జన్మలో చూడలేదు. క్షణం అనుమానపడ్డాడు. మళ్ళీ తనే సర్దుకున్నాడు. చిల్లర దొంగలే తొందరపడతారు, పెద్ద దొంగలకు మార్కెట్లో పరువుంటుంది.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. సత్యదుర్గ ససేమిరా అంది.

"దొంగపని నేను చెయ్యను నాన్నా. ఖాళీలు ఒదిలితే మీరే తిడతారు."

"తిట్టనే తల్లీ. ఒదిలెయ్."

"మీ నోటితో మీరే చెప్పండి, అమ్మ ముందు."

"తెలీనివన్నీ ఖాళీగా ఒదిలెయ్. చాలా?" అన్నాడు బుల్లిరాజు. ఆ మాట అనడానికి అతని ప్రాణం ఉసూరుమంది. పిల్ల కళ్ళొత్తుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది. చంద్రావతి కొంగుతో నోరు మూసుకుంది. పాపం ఏడుస్తోందనుకున్నాడు.

పరీక్షనాడు సెంటరు బయట కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. కూతురు రాగానే అడిగిన మొదటి మాట, "ఎన్ని ఒదిలేవు?"

"చాలానే ఒదిలాను నాన్నా."

"శభాష్. ఆయన మనిషికి చేతినిండా పని పెట్టేవు," అని యల్లా, పద పద అంటూ కారు తీశాడు.

ఫలితం వచ్చింది. సత్యదుర్గకు సీటు వచ్చింది. బుల్లిరాజు కొట్లో అందరికీ లడ్డూలు పంచి, కడియం తీయబోయాడు. అది రాలేదు. గిన్నెలు తోమే సబ్బు రాశాడు, కొబ్బరినూనె రాశాడు. మణికట్టు ఎర్రబడింది గానీ కడియం కదల్లేదు. అప్పుడు తట్టింది, సరుకు చూడకుండా ఏనాడైనా డబ్బిచ్చాడా?

యూనివర్సిటీవాళ్ళు ఎవరి షీటు వారికి వెబ్‌సైటులో పెడతారు. ఫోనులో తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. కూతురు వదిలిన ఖాళీలు వదిలినట్టే ఉన్నాయి. ఒక్క గుండ్రం కూడా ఎవరూ నింపలేదు.

బుల్లిరాజు ఒళ్ళు మండిపోయింది. పని చేయకుండానే కడియం కొట్టేద్దామని చూశాడన్నమాట! అంతలోనే ఇంకో అనుమానం పుట్టింది. సగం షీటు ఖాళీగా ఉంటే సీటెలా వచ్చింది? ఇంకెవరి మార్కులో పొరపాటున పిల్ల పేరు మీద పడ్డాయేమో. రేపు తెలుసుకుని సీటు వెనక్కి లాక్కుంటే?

షట్టరు దించేసి ఇంటికి పరుగెత్తాడు. తలుపు తీసేసరికి రమేష్‌బాబు హాల్లో సోఫాలో కూర్చుని గారెలు తింటున్నాడు. నల్లకళ్ళజోడు లేదు. చంద్రావతి ఇంకో రెండు వడ్డిస్తోంది.

"ఏవండోయ్, మీవాడు ఒక్కటంటే ఒక్కటి నింపలేదు. మోసం చేస్తారా నన్ను?" అని గుమ్మంలోనే నిలదీశాడు బుల్లిరాజు. ఆ వెంటనే కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎవడూ నింపకపోతే నీకు సీటెలా వచ్చిందే?"

రమేష్‌బాబు పళ్ళెంలోకి చూశాడు. చంద్రావతి వంటింట్లోకి జారుకుంది.

"ఎవరూ నింపకపోబట్టే వచ్చింది నాన్నా," అంది సత్యదుర్గ. "ఈయన మా ట్యూషన్ లెక్కల మాస్టారు. మంచి లెక్క చెప్తే మీరు వినరు, దొంగ లెక్కయితే వింటారని అమ్మే చెప్పింది."