కొత్త పంతులు

1951. సముద్రం దాటొచ్చిన తెలుగు కూలీలు పనిచేసే బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటు బడి.

"ఈ నెలతో తెలుగు క్లాసు ఆపీమన్నాడు దొర. మీ జీతం తీసీసి ఎస్టేటు ముళ్లకంచె ఖర్చుకి రాసీసినాను," అన్నాడు గుమాస్తా కాంతయ్య.

తాతబాబు మాస్టారు బదులిచ్చేలోపే అడవిలోంచి తెల్లదొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు గెరిల్లాలు ముగ్గురు తుపాకులతో చొరబడ్డారు.

"దొర గుమాస్తా ఎవడు?" అని అరిచాడు వాళ్లలో ఒకడు.

"క్లాంగ్ టౌనుకి ఎల్పోనాడు. ఈడు మా కొత్త పంతులు," అన్నాడు మాస్టారు.

తుపాకి మడమ దెబ్బకు ఆయన పళ్లు రాలాయి. అయినా మళ్లీ అదే చెప్పాడు.

ఒకడు కాంతయ్య మెడకు కత్తి ఆనించాడు. "పంతులైతే రాయి!"

కాంతయ్య బోర్డు మీద అచ్చులన్నీ రాశాడు. గుమాస్తా దొరకలేదన్న కసితో వాళ్లు పోతూ పోతూ మాస్టారి మోకాలు పేల్చేశారు.

కాంతయ్య తన చొక్కా చింపి కట్టు కట్టాడు. "మీ జీతం తీసీసినోణ్ణి. నన్నెందుకు కాసినారు?"

"నీకు అచ్చరాలు దిద్దించినోణ్ణి నానే కదరా!"

మర్నాడు తెలుగు క్లాసు జరిగింది. పాఠం కాంతయ్య చెప్పాడు.