తాబేలమ్మ కొత్త పద్ధతి

నీటిపాము మీదికి వెళ్లడానికి ఎలుకలు యుద్ధ పడవ కడుతున్నాయి. పడవంతా కట్టాక తప్పులు వెతికితే ఏం లాభమని, కడుతుండగానే పరీక్షించి, బాగుంటే ముద్ర వేసే కొత్త పద్ధతి పెట్టింది పడవల తనిఖీ చూసే తాబేలమ్మ. ఆ గొప్పను చెరువు గట్టంతా చాటుకుంది కూడా.

అడుగు చెక్కలు బిగించగానే పడవను నీళ్లలోకి దించి, ఎక్కి కూర్చుంది. సందుల్లోంచి నీళ్లు ఊరాయి.

"చల్లగా, హాయిగా ఉంది!" అని ముద్ర వేసింది.

"అత్తా, మునిగిపోతున్నాం!" తెడ్డు వేసే చుంచెలుక అరిచింది.

"మునిగితే ఏమైందే? నేను రోజూ మునగడం లేదూ?"

"నువ్వు తేలతావు. మేం చస్తాం."

తాబేలమ్మ తల డిప్పలోకి పోయింది. కాసేపటికి బయటికొచ్చింది.

"ఆడవాళ్ల కష్టాన్ని మగవాళ్లు కొలవడమేమిటని ఇన్నేళ్లు ఉపన్యాసాలిచ్చాను. చివరికి మీ ముప్పును నా డిప్పతో కొలిచి నేను చేసిందీ అదే!" అని నవ్వి, ముద్రను చుంచెలుక చేతిలో పెట్టింది.

చుంచెలుక మొహమాటపడలేదు. ముందు తాబేలమ్మ వేసిన ముద్రను పళ్లతో గీకేసింది.