నవ్వు బిళ్ళ

ఉద్యోగుల మనస్తత్వం మీద జీవితమంతా ఉపన్యాసాలిచ్చిన ప్రొఫెసర్ పరాంకుశం ఒక్క ఉద్యోగి గోడు కూడా విని ఎరగడు. ముఖం వాడిపోతే చురుక్కుమనిపించే, ఆయన కనిపెట్టిన నవ్వు బిళ్ళ మాత్రం ఇప్పుడు ఉద్యోగులందరి మెడల్లోనూ ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన భోంచేస్తుండగా, నర్సుగా పనిచేసే కూతురు ప్రసూన వాచిన చెంపతో ఇంటికొచ్చింది.

"బిడ్డ పోయిందని ఓ తల్లికి చెబుతుంటే బిళ్ళ చురుక్కుమంది నాన్నా. భయపడి నవ్వేశాను. ఆవిడ కొట్టింది."

పరాంకుశం కళ్లు మెరిశాయి. "వెంటనే నవ్వావా, కాస్త ఆగి నవ్వావా?"

"ఛీ! మీరూ ఒక మనిషేనా?" అంది భార్య సుభద్ర. కూతురి మెడలోంచి బిళ్ళ తీసేసి, "ఏడువమ్మా, తనివితీరా ఏడువు" అని దగ్గరకు తీసుకుంది.

ప్రసూన వెక్కివెక్కి ఏడుస్తుంటే, పరాంకుశం పెరుగు ఎప్పుడు వడ్డిస్తారా అని చూస్తూ కూర్చున్నాడు.