తొమ్మిదేళ్ల ట్రైలర్

"తొమ్మిదేళ్లని చెప్పేశాను," అన్నాడు డ్వేన్, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

ఆర్లిస్ మొగుడి మొహంలోకి చూసింది. తర్వాత పికప్ బండికి తగిలించి ఉన్న తమ చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్ వంక చూసింది. దానికి ముప్పై ఒకటి.

"ఇరవై రెండేళ్లు మింగేశావా?"

"ఏం చెయ్యమంటావ్? పదేళ్లు దాటినవాటిని ఈ ట్రైలర్ల పార్కులోకీ రానివ్వరట. నిన్న ఆ రెండు చోట్లా మనల్ని పొమ్మన్నది అందుకేగా. మేనేజరు మూడింటికి వచ్చి చూస్తుందట. నువ్వు చెయ్యేస్తే తొమ్మిదేళ్లదానిలాగే ఉంటుందిలే."

"అయితే ఆ చేత్తోనే నా మొహం కూడా రుద్దుకుంటాను. నలభైకి దిగుతానేమో."

డ్వేన్ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆర్లిస్‌కి కోపం పోయి భయం పట్టుకుంది. ఆయన ఊపిరితిత్తులు ఇంకో మిన్నెసోటా చలికాలాన్ని తట్టుకోలేవని డాక్టరు తెగేసి చెప్పాడు. అందుకే నవంబరు రాగానే టెక్సస్ దక్షిణపు కొస దాకా బండి లాక్కొచ్చారు. ఇక్కడా కాదంటే మళ్లీ ఆ మంచులోకే పోవాలి.

రోడ్డుకి అవతల పెట్రోలు బంకాయన జాలిపడి చోటూ ఇచ్చాడు, నీళ్ల గొట్టమూ ఇచ్చాడు. అప్పటికి ఉదయం ఎనిమిది. డ్వేన్ మడత కుర్చీ వాల్చుకుని పెత్తనం మొదలుపెట్టాడు.

"ముందు గోడలు కానివ్వవే. పైకప్పు ఎవడు చూస్తాడు?"

"పైన మురికి కిందికి కారి, తోమిన గోడల మీదే చారలు కడుతుంది. ముప్పై ఏళ్ల నుంచీ చెబుతున్నా నీ బుర్రకెక్కదు."

అరవై ఆరేళ్ల మనిషి నిచ్చెనెక్కింది. మెత్తటి బ్రష్షుతో రుద్దుతుంటే పైకప్పు మీంచి తెల్లటి సుద్దనీళ్లు కారాయి. అది ఆరాక, అతుకులు పగిలిన చోటల్లా వేలితో తడిమి పూత పూసింది.

"మా దగ్గర నీళ్లు ఒత్తిడితో కొట్టే మిషనుందమ్మా. పది నిమిషాల్లో తేలిపోద్ది, తెమ్మంటారా?" అన్నాడు బంకాయన.

ఆర్లిస్ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "వద్దు బాబూ. ఆ ధారకి నీళ్లు అతుకుల్లో దూరి లోపల చెక్కంతా కుళ్లిపోతుంది. నిదానంగా నేనే చేసుకుంటాలే."

మధ్యాహ్నానికి కిటికీల కింద నల్ల చారలు వదిలాయి. దారి పొడుగునా ముందువైపు అంటుకున్న పురుగులు ఊడొచ్చాయి. ఇక మైనం పట్టించడం, ఆరనివ్వడం, గుడ్డతో మెరుగు పెట్టడం. చేతులు ఖాళీ లేవని డ్వేనే శాండ్‌విచ్ తెచ్చి ఆమె నోట్లో పెట్టాడు. పెళ్లినాడు కేకు పెట్టిన తర్వాత మళ్లీ ఇప్పుడే అంది ఆర్లిస్. గోడల మీద ఆకాశం కనబడుతోంది. చూసి ఆమెకే ముచ్చటేసింది.

సరిగ్గా మూడింటికి మేనేజరు ఎలోయిసా వచ్చింది. నలభై దాటిన మనిషి, నవ్వే రకంలా లేదు. ట్రైలర్ చుట్టూ తిరిగింది. గోడ మీద వేలితో గీసి, వేలు చూసుకుంది. పాత రంగు రాల్చే తెల్లపొడి అంటలేదు. నిచ్చెనెక్కి పైకప్పు కూడా చూసింది. ఆర్లిస్ మొగుడి వంక ఒక చూపు విసిరింది.

ఎలోయిసా దిగివచ్చి అడిగింది. "తొమ్మిదేళ్లన్నారు. అంతేనా అమ్మా?"

డ్వేన్ వెనక నుంచి భార్య చొక్కా లాగాడు. ఆర్లిస్ ఆ చెయ్యి విదిలించుకుంది.

"ముప్పై ఒకటి," అంది.

"కొంప ముంచావు కదే," అని డ్వేన్ కుర్చీలో కూలబడ్డాడు.

"నియమం నియమమే. మీకు చోటివ్వలేను," అంది ఎలోయిసా.

ఆర్లిస్ తల ఊపి, బకెట్లో నీళ్లు ఒంపేసింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే చేతి నిండా మైనం. ఇలా ఏడవడానిక్కూడా లేకుండా పోయిందే అనుకుంది.

"పదవయ్యా, పొద్దుండగా బయల్దేరదాం."

"ఆగండి. పైకప్పు ఎవరు తోమారు?"

"నేనే."

"ఆ అతుకులు?"

"అవీ నేనే. ఈయన దగ్గడం తప్ప ఏం చెయ్యలేదు."

ఎలోయిసా మొదటిసారి నవ్వింది. "మా పార్కులో నూట నలభై ట్రైలర్లున్నాయి. ప్రతిదానికీ నల్ల చారలే, అతుకుల్లో నీళ్లే. ఇంత ఒడుపుగా కడిగే మనిషి కోసం రెండేళ్లుగా వెతుకుతున్నాను. చోటూ కరెంటూ మావి, వారానికి మూడు రోజుల పని మీది. చలికాలమంతా ఉండండి."

"మరి నియమం?" అన్నాడు డ్వేన్, దగ్గు మరిచిపోయి.

"అది వచ్చిపోయేవాళ్లకండీ. పనిచేసేవాళ్ల ట్రైలర్ వయసు ఎవరూ అడగరు. రేపు పొద్దున్న ముందు నాది కడగండి. దానికి నలభై రెండేళ్లు."