గులాబీ గీత

“తనూజా, కోల్‌కతా నుంచి మిషన్ డ్రమ్ము వచ్చీసింది!” పార్సిల్ నెత్తిన పెట్టుకుని సౌరభ్ జుగ్సలాయిలోని తమ ప్రింటింగు షాపులోకి గంతులేస్తూ వచ్చాడు.

పెళ్లై మూడు వారాలు. తనూజ షాపులో అడుగుపెట్టిన మర్నాటి నుంచే డిజిటల్ మిషన్ ప్రతి కాగితం మీదా గులాబీ గీత గీస్తోంది. తన అడుగు మంచిది కాదేమోనని ఆమెకు లోలోపల ఒకటే దిగులు.

మిషన్లోంచి పాత డ్రమ్ము తీస్తుంటే తనూజ వేళ్లకి ఎర్రటి పొడి అంటింది. వాసన చూసింది.

“ఏవండీ, ఇది ఇంకు కాదు. నేను షాపుకొచ్చిన రోజు అత్తయ్య చెబితే మిషన్‌కి నేను పెట్టిన కుంకుమ!”

“ష్! కుంకుమేనని మెకానిక్ మొదటి రోజే చెప్పీసినాడు.”

“మరి డ్రమ్ము పాతదన్నారేటి?”

“నీకు చెబితే నువ్వేడుత్తావు, అమ్మకి చెబితే అమ్మేడుత్తాది. డ్రమ్ముకి నోరు లేదు కదా, దాని మీదకి తోసీసినాను.”

“అంటే నా అడుగు కాదన్నమాట!” తనూజ అక్కడే గిర్రున తిరిగింది.

కొత్త డ్రమ్ముతో మొదటి కాగితం మల్లెపువ్వులా వచ్చింది.

“రేపు విశ్వకర్మ పూజే కోడలా, మిషన్‌కి బొట్టెట్టాల!” బయటి నుంచి అత్తగారు కేకేసింది.

ఇద్దరూ నవ్వాపుకోలేకపోయారు.

“రేపు మిషన్‌కి బదులు మీ అబ్బాయికే పెడతానత్తయ్యా!” అంది తనూజ.