డెమో క్లాసు

“బాగానే చెప్పిందంటున్నారు, కాదనను. కానీ రోజూ చెప్పగలదా?” అన్నారు కరస్పాండెంట్ సూర్యప్రకాశం గారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ప్రిస్కిల్లాకు ఒళ్లు మండిపోయింది. రాజమండ్రి నుంచి పెద్దాపురానికి కాపురం ఎత్తుకొచ్చి, ఈ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేరి ఆమెకు ఇంకా నెల తిరగలేదు. అది తొంభై ఎనిమిది జూన్. లెక్కల టీచరు లేక పెద్ద తరగతులు గాలికి తిరుగుతున్నాయి. నిన్న సాయంత్రం ఈయనే, “రేపు ఒకమ్మాయి వస్తుంది మేడం. మొహమాటం, తప్పలేదు. ఓ డెమో క్లాసు చెప్పించి పంపించేద్దాం” అన్నారు. ఆ అమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుందన్న ముక్క మాత్రం చెప్పలేదు.

పేరు హరిచందన. ప్రైవేటుగా కట్టి ఎమ్మెస్సీ పాసైంది. “మా ఇంట్లో ఈ ఒక్కసారికే ఒప్పుకున్నారు మేడం. ఇది రాకపోతే ఇంక ఉద్యోగం ఊసెత్తకూడదట” అని నవ్వుతూనే చెప్పి, తొమ్మిదో తరగతిలోకి చక్రాలు తిప్పుకుంటూ వెళ్లింది. వెనక బెంచీల్లో కిచకిచలు మొదలయ్యాయి. బోర్డు పై సగం ఆమెకు అందదు మరి!

“నాకు అందదర్రా. ఎవరు నవ్వారో వాళ్లే వచ్చి రాయండి, నేను చెప్తాను. తప్పు రాస్తే మిగతావాళ్లు పట్టుకోవాలి” అంది.

అంతే! ఒకడు రాయడం, క్లాసు క్లాసంతా వాడి తప్పు కోసం కాచుక్కూర్చోవడం. ఎంతమంది మేష్టార్లనో ఏడిపించిన ఆ అడ్డగాడిదలు బెల్లు కొట్టినా లేవలేదు. ప్రిస్కిల్లా తన సర్వీసులో అలాంటి క్లాసు చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ సూర్యప్రకాశం గారు మాత్రం పిల్లలు నవ్వగానే వెళ్లిపోయారు.

“రోజూ మాత్రం ఎందుకు చెప్పలేకపోతుందండీ?” అంది ప్రిస్కిల్లా, ఆయన గదిలో.

“టెన్త్ మేడ మీద ఉంది.”

“కిందికి దించుదాం. ఆరో తరగతి వాళ్లు మేడెక్కుతారు. వాళ్ల కాళ్లకేం రోగం?”

“వానాకాలం ఎలా వస్తుంది?”

“వానొస్తే అందరం తడుస్తామండీ.”

“పిల్లలు వెక్కిరిస్తారు మేడం. ఇవాళ నవ్వలేదూ?”

“నవ్వినవాళ్ల చేతే లెక్క చేయించింది. అది చూడకుండా మీరు వెళ్లిపోయారు. ఇది పోతే ఆ పిల్ల మళ్లీ ఇల్లు కదలదండీ, పాపం!”

సూర్యప్రకాశం గారు గ్లాసెత్తి నీళ్లు గడగడా తాగేశారు. “కుదరదని చెప్పి పంపించండి.”

“సరే. పోస్టు భర్తీ అయిపోయిందంటాను.”

“అలా అనకండి! అలా అంటే ఇంకో స్కూలు అంటుంది. పాఠం చెప్పడం చేతకాలేదనండి.”

ప్రిస్కిల్లా బిత్తరపోయింది. పక్క స్కూలువాళ్లు తన్నుకుపోతారని భయం కాబోలు. తాను తినడు, ఇంకొకరిని తిననివ్వడు. ఇదెక్కడి పెద్దమనిషి!

“అంత పచ్చి అబద్ధం నా నోట రాదండీ.”

“మీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు మేడం.”

ప్రిస్కిల్లాకు కొత్త అద్దె ఇల్లు, పిల్లల చదువులు గుర్తొచ్చాయి. ఛీ, ఏం బతుకు అనుకుంటూనే వరండాలోకి వచ్చింది.

హరిచందన చేతులకంటిన సుద్దపొడి కూడా దులుపుకోలేదు. మొహం వెలిగిపోతోంది. “మేడం, ఆ చివరి బెంచీ పొడుగబ్బాయి పేరేంటండీ? బుర్రున్నవాడు. నాలుగు రోజులు కూర్చోబెడితే దారిలో పడతాడు.”

“అమ్మా... పాఠం చెప్పడం ఇంకా రాలేదమ్మా నీకు. పిల్లలకి అర్థం కాలేదు.”

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎక్కడ తప్పు చెప్పానండీ?”

ఎక్కడని చెప్తుంది? లోపలున్న ఆయన మీదా, తన మీదా ఒక్కసారే అసహ్యం పుట్టింది ప్రిస్కిల్లాకు. “అనుభవం చాలదమ్మా” అని నసిగింది.

హరిచందన తల ఊపింది. వాదించినా బాగుండును, ఆ నమ్మకాన్ని చూడలేక ప్రిస్కిల్లా మొహం తిప్పుకుంది. అప్పుడే సూర్యప్రకాశం గారు గదిలోంచి బయటికి వచ్చారు. హరిచందన కుర్చీని ఆయన వైపు తిప్పింది.

“మీరన్నట్టే అయింది నాన్నగారూ.”