జోల పాడే గోడ

కాలనీలో సున్నం వేసిన గోడ ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడన్నీ రంగులు మార్చే సముద్రజీవి కటిల్ ఫిష్ చర్మంతో పెంచిన గోడలే. ఎండకు తెల్లబడి, చలికి నల్లబడి ఇంటిని కాస్తాయి. రోజూ రొయ్యలు కడిగిన నీళ్లు చిలకరిస్తే చాలు.

సముద్రంలో చేపల వేట మానేసిన మసేను మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ ఉయ్యాల వైపు చూశాడు. పక్క గోడ మీద నల్లచారలు అలల్లా జారుతున్నాయి. మనవరాలు రెప్ప వేయకుండా వాటినే చూస్తోంది.

"నాకు జోల పాడే పనే లేదు మావయ్యా," అంది కోడలు లావణ్య, రొయ్యలు ఒలిచిన చేతులు పాప దుప్పటికే తుడుచుకుంటూ. "పిల్ల ఏడుపు మానేసిందని దణ్ణం పెట్టుకోక, అలా చూస్తావేటి?"

మసేను చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అది జోల కాదమ్మా, ఏట. నీళ్లల్లో ఆ కటిల్ ఫిష్ ఒంటి మీద చారల్ని రొయ్య కూడా ఇలాగే చూస్తా ఉండిపోద్ది. చారలు ఆగాయంటే రొయ్యని పట్టడానికి దాని రెండు చేతులు దూసుకొస్తాయి."

"గోడకి చేతులేటి మావయ్యా!" లావణ్య నవ్వింది.

చారలు ఆగిపోయాయి. ఉయ్యాల పక్కన గోడలోంచి తెల్లటి మొలకలు రెండు బయటికి వస్తున్నాయి.

మసేను ఎంగిలి చేత్తోనే పాపను లాక్కున్నాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు అతనికి ప్రాణం పోసింది.

అప్పుడే చెవి రిక్కించాడు. కాలనీలో ఇంకే ఇంట్లోనూ పిల్లల ఏడుపు వినబడటం లేదు.